కొత్త న్యూరాన్లు పుడతాయా? అరవై ఏళ్లుగా తెగని పంచాయితీ

మెదడులో సంకేతాలు మోసే కణాలు, అంటే న్యూరాన్లు, పోతే పోయినట్టే, మళ్లీ రావు. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే ఇది. దీని వెనకున్న పెద్ద పేరు స్పెయిన్ శాస్త్రవేత్త శాంటియాగో రామోన్ ఇ కహాల్. మెదడు విడివిడి కణాలతో తయారైందని చూపించి 1906లో నోబెల్ అందుకున్న మనిషి. ఎదిగిన మెదడులో అన్నీ చావొచ్చు గానీ ఏదీ తిరిగి పుట్టదని ఆయన రాశాడు. వీలైతే ఈ కఠినమైన తీర్పును మార్చడం రేపటి సైన్సు పని అని కూడా రాశాడు. ఆ రెండో మాట జనానికి పెద్దగా పట్టలేదు.

1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ ఆల్ట్‌మన్ ఒక పని చేశాడు. కణం రెండుగా విడిపోవాలంటే ముందు తన డీఎన్ఏకి నకలు తీసుకోవాలి. అందుకు కావలసిన ముడిసరుకుల్లో థైమిడిన్ ఒకటి. ఆయన రేడియోధార్మిక థైమిడిన్‌ను ఎలుకలకు ఎక్కించాడు. తర్వాత వాటి మెదడును పల్చటి పొరలుగా కోసి, ఫొటో ఫిల్ముకు పూసే రసాయనం పూసి చీకట్లో ఉంచాడు. కొత్తగా పుట్టిన కణాలు ఎక్కడున్నాయో అక్కడ నల్లటి చుక్కలు తేలాయి. పెద్ద ఎలుకల హిప్పోకాంపస్‌లో, అంటే జ్ఞాపకాలకు కీలకమైన భాగంలో, ఆ చుక్కలు కనిపించాయి. ఆ కణాలు న్యూరాన్లే అని నమ్మకమేంటి, వాటికి ఆసరాగా పక్కనుండే గ్లియా కణాలు కావచ్చు కదా అన్నారు మిగతావాళ్లు. ప్రశ్న న్యాయమైనదే. కానీ దానికి జవాబు వెతకడం మానేసి ఆ పరిశోధననే పక్కన పెట్టేశారు. 1977లో మైకేల్ కప్లాన్ అవి న్యూరాన్లేనని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూపించినా గాలి మారలేదు. 1985లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన పాస్కో రాకిచ్, పెద్ద కోతుల్లో కొత్త న్యూరాన్లు కనబడలేదని ప్రకటించాడు. కథ అక్కడితో అయిపోయిందనుకున్నారు.

ఈలోపు ఫెర్నాండో నాటెబోమ్ అనే శాస్త్రవేత్త కెనరీ పిట్టల పాట వెంట పడ్డాడు. పాటను నడిపించే మెదడు భాగంలో, పెద్ద పిట్టల్లో కూడా కొత్త న్యూరాన్లు చేరుతున్నాయని 1980లలో ఆయన బృందం చూపించింది. పిట్టలు వేరు, మనం వేరు అన్నారు.

మనుషుల్లో చూడటమెలా? బతికున్నవాళ్ల మెదడు కోయలేం. దారి అనుకోకుండా దొరికింది. కేన్సర్ రోగులకు కణితి కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో తెలుసుకోవడానికి బీఆర్‌డీయూ అనే పదార్థం ఎక్కించేవారు. అదీ థైమిడిన్ లాగే కొత్త డీఎన్ఏలో చేరిపోతుంది. అలాంటి ఐదుగురు చనిపోయాక వాళ్ల హిప్పోకాంపస్‌ను పీటర్ ఎరిక్సన్, ఫ్రెడ్ గేజ్‌ల బృందం పరిశీలించింది. 1998లో ఫలితం చెప్పారు: కొత్త న్యూరాన్లు ఉన్నాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది స్వీడన్‌లో యోనస్ ఫ్రిసెన్ బృందం వేసిన ఎత్తు. 1963 దాకా ఆరుబయట జరిగిన అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ బాగా పెరిగి, ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది. కణం పుట్టిన ఏడాది గాలిలో అది ఎంతుందో దాని డీఎన్ఏలోనూ ఆ పాళ్లే ఉంటాయి. బాంబులు పుట్టిన తేదీ ముద్ర వేసిపోయాయన్నమాట. ఆ లెక్కన ఒక్కో హిప్పోకాంపస్‌లో రోజుకు సుమారు 700 కొత్త న్యూరాన్లు చేరుతున్నాయని 2013లో తేల్చారు. మొత్తం మెదడులో ఉన్నవి దాదాపు 8,600 కోట్లు.

2018లో మళ్లీ గొడవ. పెద్దవాళ్లలో లేత న్యూరాన్లు ఒక్కటీ కనబడలేదని కాలిఫోర్నియా బృందం నేచర్ పత్రికలో రాసింది. కొన్ని వారాలకే, 79 ఏళ్ల వయసులోనూ ఉన్నాయని కొలంబియా విశ్వవిద్యాలయ బృందం రాసింది. రెండూ పేరున్న ల్యాబులే. లేత న్యూరాన్లను గుర్తుపట్టడానికి వాడే డబుల్‌కార్టిన్ అనే ప్రోటీన్ నాజూకైనది. మనిషి చనిపోయాక మెదడును ఎంత త్వరగా తీశారు, రసాయనంలో ఎంతసేపు నానబెట్టారు అన్నదాన్ని బట్టి అది కనబడకుండా పోవచ్చు. 2019లో స్పెయిన్‌లో మరియా యోరెన్స్ మార్టిన్ బృందం ఈ నిల్వ పద్ధతి మీదే శ్రద్ధ పెట్టి, 80 దాటినవాళ్లలోనూ లేత న్యూరాన్లు చూపించింది. అల్జైమర్స్ ఉన్నవాళ్లలో అవి బాగా తక్కువ.

పరిగెత్తితే మెదడులో కొత్త కణాలు పుడతాయని చెప్పే ప్రచారాలకు మూలం ఎలుకల మీద 1999లో జరిగిన ప్రయోగం. చక్రంలో పరిగెత్తిన ఎలుకల్లో నిజంగానే పెరిగాయి. బతికున్న మనుషుల్లో అలా లెక్కపెట్టి చూసే సాధనం లేదు.

2025లో ఫ్రిసెన్ బృందం ఈసారి ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చెప్పే ఆర్ఎన్ఏను ఒక్కో కణకేంద్రకంలో చదివి, విడిపోతూ కొత్త న్యూరాన్లకు జన్మనిచ్చే మూలకణాలను పెద్దవాళ్ల హిప్పోకాంపస్‌లో పట్టుకుంది. కొందరిలో అవి బాగానే ఉన్నాయి, కొందరిలో దాదాపు లేవు.