ఫోన్‌లో గీసిన బొమ్మ అచ్చుకెక్కాలంటే

చిరంజీవులైన పిల్లలకు,

నల్లగొండ నుంచి మీ పెద్దనాన్న ఆశీస్సులు. బతుకమ్మ పండుగకు మీరు ఫోన్లలోనూ ల్యాప్‌టాప్‌లలోనూ తయారుచేసి పంపిన చిత్రాలన్నీ చూశాను. రంగుల మీద మీకు మంచి పట్టు చిక్కింది. చదువుకు అడ్డం రాకుండా ఈ సరదాతో నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చునా అని మీలో ఇద్దరు ముగ్గురు అడిగారు కనుక, అచ్చుపనిలోనూ, కంప్యూటర్ మీద పేజీలు కూర్చే డీటీపీలోనూ బతుకు గడిపినవాడిగా నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను. తప్పకుండా సంపాదించుకోవచ్చు. అయితే డబ్బిచ్చేవారు బొమ్మ అందానికంటే ముందు అది తమ పనికి అక్కరకు వస్తుందా అని చూస్తారు: కార్డుగా అచ్చు కావాలి, సీసా మీద లేబులుగా అతకాలి, మగ్గం మీద చీరగా దిగాలి. ఆ చివరి మెట్టు దాకా తెలిసి గీసేవాళ్ళు మన దగ్గర తక్కువ. మీకు గిరాకీ ఉన్నది అక్కడే.

ముందు అచ్చు సంగతి. మీరు వాట్సాప్ కోసం చేసే చదరపు చిత్రం సాధారణంగా 1080 పిక్సెళ్ళ వెడల్పు ఉంటుంది. పెళ్ళి పత్రికకు అంగుళానికి 300 చుక్కలు కావాలి, ఒక్కో పిక్సెల్ ఒక్కో చుక్క అవుతుంది కనుక ఆ చిత్రం కాగితం మీద 3.6 అంగుళాలకు మించి నాణ్యంగా రాదు. అంతకంటే సాగదీస్తే అంచులు మసకబారతాయి. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి మాత్రం అంత సాంద్రత అవసరం లేదు. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలి వెలుగులతో రంగులు చూపిస్తుంది, అచ్చు యంత్రం నీలం, గులాబీ, పసుపు, నలుపు సిరాలతో వేస్తుంది. అందువల్ల తెర మీద మెరిసే చిలకపచ్చ కాగితం మీదికి వచ్చేసరికి నీరసపడుతుంది. జరీ మెరుపు అసలే రాదు, దానికి విడిగా ఫాయిల్, అంటే మెరిసే పలుచని రేకు, వేయించాలి. కత్తిరించేటప్పుడు కత్తి కాస్త అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి నేపథ్యపు రంగును నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు బయటికి పోనివ్వండి, పేర్లను అంచుకు దూరంగా ఉంచండి.

తెలుగు అక్షరాల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ఫోటోషాప్‌లో భారతీయ లిపులకు సంబంధించిన అమరిక ఎంచుకోకపోతే వత్తులు విడిపోతాయి. లక్ష్మి అన్న పేరులో ‘క’ కింద ఉండవలసిన షవత్తు, మవత్తు చెదిరి పక్కకు వచ్చి కూర్చుంటాయి. పెళ్ళికూతురి పేరు అలా అచ్చయితే ఆ ఇంటివాళ్ళు మళ్ళీ మీ గడప తొక్కరు. మన ప్రెస్సుల్లో చాలాచోట్ల ఇప్పటికీ ‘అను’ అనే పాత పద్ధతి ఫాంట్లే నడుస్తున్నాయి, మీరు ఫోన్‌లో కొట్టేది యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఒకేలా చదివే అక్షర సంకేతాలు. ఒకదానిలోది మరొకదానిలో నేరుగా అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. కనుక ప్రెస్సుకు పంపేముందు అక్షరాలన్నిటినీ కర్వ్స్ చేసి, అంటే ఫాంటుతో పనిలేని గీతల బొమ్మలుగా మార్చి పంపండి, మార్చడానికి వీలుండే అసలు ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి. ఫాంట్లకు డబ్బు పెట్టనక్కరలేదు. రామభద్ర, మండలి వంటివి స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి, వాటితో చేసిన పనిని అమ్ముకోవచ్చు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి పేరిట కూడా అటువంటి ఫాంటు ఒకటి ఉంది. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే, ఇంక్‌స్కేప్, క్రిటా ఉచితమే. దొంగ కాపీల జోలికి వెళ్ళకండి.

ఇక పని ఎక్కడ వెతుక్కోవాలన్నది. ఫ్లెక్సీల వైపు పోవద్దని నా సలహా, అక్కడ డిజైన్ ఖర్చు చదరపు అడుగు ధరలోనే కలిసిపోతుంది, రాత్రికి రాత్రి పని కావాలంటారు, పైగా ఎవరి ఫొటో ఎవరికంటే పెద్దగా ఉండాలన్న తగాదా మీ నెత్తిన పడుతుంది. దానికంటే పచ్చళ్ళు, జొన్నరొట్టెలు, కారప్పొడులు అమ్మే మహిళా సంఘాల దగ్గరికి వెళ్ళండి. వాళ్ళకు లేబుల్ కావాలి. ఆ లేబుల్ మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారీ తేదీ, పదార్థాల వివరాలు, శాకాహారమైతే ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క ఉండాలని తెలిసి, వాటికి ముందే చోటు వదిలి గీసినవారికి ఆ సంఘం నుంచి మరో సంఘానికి పేరు దానంతట అదే పాకుతుంది.

నాకు మరింత ఇష్టమైనది మగ్గం పని. పోచంపల్లి, పుట్టపాక ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోకి పోయినా ఒకప్పుడు మన నల్లగొండవే. ఇక్కత్‌లో రంగు నేసిన గుడ్డకు కాదు, నేయకముందు నూలుకే పడుతుంది. నమూనాను గ్రాఫ్ కాగితం మీద గళ్ళుగా గీస్తారు, ఒక్కో గడి కొన్ని పోగుల కట్టకు గుర్తు. రంగు అంటకూడని చోట ఆ కట్టను రబ్బరు పట్టీతో బిగించి కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, మరోచోట కట్టి రెండో రంగులో ముంచుతారు. మీలో పిక్సెల్ బొమ్మలు గీసేవారికి ఈ గళ్ళ లెక్క కొత్తేమీ కాదు. రంగు పెరిగిన కొద్దీ మరోసారి కట్టడం, మరోసారి అద్దడం పెరుగుతాయి గనుక పది రంగుల నమూనా తీసుకువెళ్తే నేతన్న నవ్వి పక్కన పెడతాడు. రెండు మూడు రంగుల్లో, వంపులు మెట్లుమెట్లుగా మారినా రూపు చెడకుండా ఉండే నమూనా తీసుకువెళ్ళండి. పుట్టపాక తేలియా రుమాలును చూడండి: ఎరుపు, నలుపు, తెలుపు, అంతే, పడుగుకూ పేకకూ రెండింటికీ రంగు కట్టి నేస్తారు. ముందు ఒక రోజంతా మగ్గం పక్కన కూర్చొని చూసి, ఆ తరువాతే గీయండి. మరొక మాట. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ ప్రాంతపు నేతకే ఆ పేరు చెల్లుతుంది; తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. మీరు గీసిన ఇక్కత్ మాదిరి బొమ్మను గుడ్డ మీద యంత్రంతో అచ్చువేయించి దానికి పోచంపల్లి అని పేరు పెట్టడం నేతన్న కడుపు కొట్టడమే, చట్టరీత్యానూ తప్పు.

ధర చెప్పడానికి మొహమాటపడకండి. సగం ముందు తీసుకోండి, రెండుసార్ల వరకు మార్పులు ఉచితమనీ ఆపైన ప్రతి మార్పుకూ ఇంత అనీ మొదటి రోజే రాసి పంపండి. సొంత చుట్టాలకైతే ఇంకా ముందే పంపండి. ఇంటర్నెట్‌లో పనులు ఇప్పించే ఫైవర్ వంటి చోట బయటి దేశాల పని దొరుకుతుంది గానీ అది మీ సంపాదనలో 20 శాతం పట్టుకుంటుంది, వెయ్యికి చేతికొచ్చేది 800.

హక్కుల విషయం కూడా వినండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సాధారణంగా బొమ్మ మీద మొదటి హక్కు గీసినవారిదే. జీతానికి చేస్తే యజమానిది, డబ్బిచ్చి గీయించుకున్న చిత్తరువుల వంటివాటిలో గీయించుకున్నవారిది. హక్కును బదిలీ చేయాలంటే సంతకంతో రాసివ్వాలి; అందులో గడువు రాయకపోతే 5 ఏళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని చట్టం లెక్కిస్తుంది. ఇదే నియమం అవతలివాళ్ళ బొమ్మకూ వర్తిస్తుంది కాబట్టి గూగుల్‌లో కనిపించిన దేవుడి బొమ్మను ఎత్తి పత్రిక మీద పెట్టకండి.

మీలో 18 ఏళ్ళు నిండనివారు చేసుకునే ఒప్పందం చట్టం ముందు చెల్లదు. అందుచేత పని మాట్లాడేటప్పుడు అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని కాగితం వాళ్ళ పేరిట రాయించండి, వచ్చిన డబ్బు ఏ పనికి ఎవరి నుంచి వచ్చిందో తేదీతో సహా ఒక నోటుబుక్కులో రాసి ఉంచండి. మీరు చేసిన లేబుళ్ళో నమూనాలో ఉంటే అచ్చుకు ఇచ్చేముందు నాకు పంపండి, అంచులూ వత్తులూ సరిచూసి చెబుతాను.

ఇట్లు,
మీ పెద్దనాన్న,
నల్లగొండ