అందరికీ అదే హాలు: లూవ్ర్ రద్దీ వెనుక కథ

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం చూడాలంటే 2026 జనవరి 14 నుంచి మన దేశం వాళ్లు 32 యూరోలు కట్టాలి. ఐరోపా ఆర్థిక మండలి దేశాల వాళ్లకు మాత్రం పాత ధరే, 22 యూరోలు. గోల్కొండలో, చార్మినార్‌లో విదేశీయులకు ఎక్కువ ధర పెట్టిన మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. అయితే 2024 జనవరికి ముందు ఇదే టికెట్టు 17 యూరోలు. రెండేళ్లలో ధర ఇంతగా ఎందుకు పెరిగిందో తెలియాలంటే ముందు ఆ భవనం పుట్టుక తెలియాలి.

అది మ్యూజియం కోసం కట్టింది కాదు. 1190 ప్రాంతంలో ఫిలిప్ ఆగస్టస్ అనే రాజు నగరానికి పడమటి కాపుగా సీన్ నది ఒడ్డున ఒక కోట కట్టించాడు. 1546లో మొదటి ఫ్రాన్స్వా దాని స్థానంలో రాజభవనం మొదలుపెట్టాడు. తర్వాతి రాజులు ఒక్కొక్కరూ ఒక్కో వరస గదులు చేర్చుకుంటూ పోయారు. 1682లో పద్నాలుగో లూయీ కొలువును వెర్సాయ్‌కి మార్చేశాడు. విప్లవ ప్రభుత్వం 1793 ఆగస్టు 10న 537 చిత్రాలతో ఇక్కడే మ్యూజియం తెరిచింది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడిచేలా కట్టిన భవనం కాబట్టి ముందున్నవాళ్లు ఆగితే వెనకవాళ్లూ ఆగిపోవాల్సిందే. ఆ ఇబ్బంది ఈనాటికీ ఉంది.

నెపోలియన్ సేనలు దేశదేశాల నుంచి కొల్లగొట్టి తెచ్చినవాటితో సేకరణ ఉబ్బింది. నెపోలియన్ ఓడిపోయాక 1815లో చాలా వరకు వెనక్కి వెళ్లాయి. వెనిస్ మఠం నుంచి 1797లో తెచ్చిన, ఇటలీ చిత్రకారుడు వెరొనీస్ గీసిన ‘కానాలో పెళ్లి’ మాత్రం ఉండిపోయింది. దాదాపు పది మీటర్ల వెడల్పున్న ఆ బట్ట మళ్లీ ప్రయాణానికి తట్టుకోదని చెప్పి, బదులుగా ఇంకో చిత్రాన్ని పంపారు.

ఇప్పటి రద్దీకి అసలు మూలం 1980లలో ఉంది. అప్పటిదాకా ఉత్తరం వైపున్న రిషెల్యూ భాగం ఆర్థిక శాఖ చేతిలో ఉండేది. 1981లో అధ్యక్షుడు మిత్తెరాఁ భవనం మొత్తాన్నీ మ్యూజియానికే ఇస్తానని ప్రకటించాడు. ఆర్థిక శాఖ పారిస్‌లోనే బెర్సీ అనే చోటికి మారింది. చైనా మూలాలున్న అమెరికన్ వాస్తుశిల్పి ఐ.ఎం. పెయ్ గీసిన గాజు పిరమిడ్ 1989లో తెరుచుకుంది. ఎత్తు 21 మీటర్ల పైచిలుకు, అడుగున ఒక్కో వైపు దాదాపు 35 మీటర్లు. దాని కింద ఒక పెద్ద హాలు, అక్కడి నుంచి దెనొన్, సుల్లీ, రిషెల్యూ అనే మూడు భాగాలకు దారులు. చెల్లాచెదురుగా ఉన్న భవనానికి ఒక నడిబొడ్డు ఇచ్చిన మంచి ఆలోచన అది. కానీ లెక్క వేసుకున్నది ఏడాదికి 40 లక్షల మందికి. 2018లో కోటి మంది దాటారు. రోజుకు 30 వేల మందికి మించకుండా పరిమితి పెట్టాక కూడా 2024లో 87 లక్షల మంది వచ్చారు. కారూసెల్ మాల్ గుండా భూగర్భం నుంచి వచ్చినా చేరేది ఆ హాలుకే. పైన గాజు కావడంతో ఎండాకాలం కింద ఉక్క, జనం మాటలతో హోరు.

అక్కడి నుంచి ఎక్కువ మంది నడక ఒకే వైపు: దెనొన్ మొదటి అంతస్తు, 711వ గది, మోనాలిసా. 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పున్న పాప్లర్ చెక్క అది. దాన్ని ఇంటింటి పేరు చేసింది దొంగతనమే అని చెప్పాలి. 1911 ఆగస్టు 21న విన్సెంజో పెరుజ్జా అనే ఇటలీ పనివాడు గోడ మీది నుంచి తీసి పట్టుకుపోయాడు. ఆ ఖాళీ గోడను చూడటానికి కూడా జనం బారులు తీరారు. 1913 డిసెంబరులో ఫ్లారెన్స్‌లో దొరికింది. ఇప్పుడు రోజుకు దాదాపు 20 వేల మంది ఆ గదిలోకి వస్తున్నారు. అంతమంది నిలబడి, ఎదురు గోడ మీదున్న ‘కానాలో పెళ్లి’కి వీపు చూపించడం బాధాకరం.

2025 జనవరిలో అప్పటి డైరెక్టర్ లారెన్స్ దె కార్ మంత్రికి రాసిన లేఖ బయటికి వచ్చింది. నీటి లీకులు, ఉష్ణోగ్రత మార్పులు, కిక్కిరిసిన హాలు అన్నీ అందులో ఉన్నాయి. అదే నెల 28న అధ్యక్షుడు మేక్రాన్ 2031 నాటికి తూర్పు వైపు పెర్రో స్తంభాల వరుస దగ్గర కొత్త ద్వారం, మోనాలిసాకు వేరే గది, వేరే టికెట్టు ప్రకటించాడు. మనమిచ్చే అదనపు పది యూరోలు ఆ ఖర్చులో భాగానికే. అదే ఏడాది అక్టోబరు 19న దొంగలు సామాను ఎక్కించే నిచ్చెన లారీతో అపోలో గ్యాలరీ బాల్కనీకెక్కి, ఎనిమిది నిమిషాల లోపే 8.8 కోట్ల యూరోల విలువైన ఎనిమిది రాచ నగలు ఎత్తుకుపోయారు. మరుసటి నెల ఫ్రాన్స్ ఆడిట్ సంస్థ, భద్రత, మరమ్మతుల కన్నా కొత్త వస్తువుల కొనుగోలుకే మ్యూజియం ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చిందని తేల్చింది. కొత్త ద్వారం అవసరమే. కానీ పాత గోడల సంగతి చూడకుండా కొత్త గది తవ్వడం మొదలుపెడితే అదే తప్పు మళ్లీ చేసినట్టు.

అప్పటిదాకా వెళ్లేవాళ్లు మంగళవారం సెలవని గుర్తుంచుకోవాలి. టికెట్టు మీద గంట రాసి ఉంటుంది, ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఏ దేశమైనా ఉచితమే, కానీ వాళ్లకూ సమయం బుక్ చేయాలి. ఇది మరిచిపోయి గేటు దగ్గర ఇబ్బంది పడే కుటుంబాలు ఉన్నాయి. 55×35×20 సెంటీమీటర్లకు మించిన సంచిని లోపలికి రానివ్వరు, కాబట్టి విమానం దిగి సూట్‌కేసుతో నేరుగా వెళ్లొద్దు. బుధ, శుక్రవారాల్లో రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది. సాయంత్రం వెళ్లడం నయం. జనం దెనొన్ వైపు పోతుంటే రిషెల్యూలోకి తిరిగితే హమ్మురాబీ శాసనం రాయి దగ్గర తీరిగ్గా నిలబడవచ్చు. సుల్లీ కింది అంతస్తులో 1190 నాటి కోట పునాదులు, కందకం గోడలు తవ్వి చూపించారు. రాళ్లు చెక్కినవాళ్లు పెట్టిన గుర్తులు ఇంకా వాటి మీద కనిపిస్తాయి.