అరకు కాఫీ సగం ధరకే వస్తుందా? అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో కాఫీ గింజలు వేయించి పొడి కొట్టి ఇచ్చే అంగడి మాది. ఈ మధ్య వచ్చిన ప్రతి ఒక్కరూ అదే మాట. "అరకు కాఫీ బయట సగం ధరకే ఇస్తున్నారంట, గిరిజనుల దగ్గర నేరుగా కొంటారంట, దళారీ లేడు కాబట్టి చవకంట."

దళారీ లేకపోతే మిగిలే డబ్బు రైతుకు పోవాలి, నేరుగా కొనేది అందుకే. లెక్క వేయండి. ఎర్రగా పండిన పళ్లు దాదాపు ఆరు కిలోలు తొక్క తీసి, కడిగి, ఎండబెట్టి, పొట్టు తీస్తే వచ్చేది కిలో పచ్చి గింజలు, వేయిస్తే అందులో మళ్లీ 15 నుంచి 20 శాతం తరుగు. కిలో పొడి వెనక ఏడు కిలోలకు పైగా పళ్లున్నాయి, అవీ కొమ్మ దులిపితే రాలేవి కావు, పండినవి పండినట్టు చేత్తో ఏరాలి, అదే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి. పచ్చి గింజల రేటు కంటే పొడి రేటు తక్కువుంటే అది అరకు కాఫీ కాదు, అంతే.

కావలి వైపు ఒక అక్క లోన్ తీసుకుని కాఫీ కౌంటర్ పెట్టుకుంది. బోర్డు మీద 'స్వచ్ఛమైన అరకు' అని రాయించింది. డికాషన్ మరీ నల్లగా, చేదుగా ఉందని జనం వెనక్కిస్తుంటే టెన్షన్ పడి పొడి సంచి తీసుకొచ్చింది. గ్లాసులో చన్నీళ్లు పోసి పైన చిటికెడు పొడి చల్లాను. కాఫీ పొడైతే కాసేపు తేలుతుంది. ఇది సగానికి పైగా గోధుమరంగు గీతలు వదులుతూ అడుక్కి దిగిపోయింది. చికోరీ, అంటే కాఫీలో కలిపే ఒక వేరు పొడి! సంచి మీద చికోరీ శాతం లేదు, బ్యాచ్ నంబరు లేదు, అమ్మినవాడు బిల్లూ ఇవ్వలేదు. "నాకే కాయడం రాలేదేమో అనుకున్నా తమ్ముడూ" అంది. ఆమె తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు.

అరకు వ్యాలీ అరబికాకు 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, అంటే ఆ ప్రాంతపు పంటకే ఆ పేరు. పేరులోనే అరబికా ఉంది, రొబస్టా అనే ఇంకో కాఫీ రకం కలిపితే ఆ పేరు పెట్టకూడదు. రకం, గ్రేడు, ఏ సీజన్ పంటో బిల్లు మీద రాసివ్వమనండి. రాయనంటే కొనొద్దు.

చికోరీ ఉంటే కల్తీ అంటారు, కాదు. 49 శాతం దాకా చట్టమే ఒప్పుకుంటుంది, ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాయాలి. దాచి కలపడమే మోసం.

ప్యాకెట్ మీది సర్టిఫికేట్ ముద్రలన్నీ ఒకటే అనుకోవడం ఇంకో అపోహ. ఫెయిర్‌ట్రేడ్‌లో రైతుకు కనీస ధర ఉంటుంది, దానిపైన రైతుల సంఘానికి ప్రీమియం, అంటే అదనపు సొమ్ము. కప్ప బొమ్మ రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్‌ది, అది సాగు పద్ధతి, కూలీల హక్కులు చూస్తుంది, కనీస ధరకు హామీ ఇవ్వదు. ముద్ర లేనంత మాత్రాన రైతును దోచుకున్నట్టూ కాదు, ఆ ఖర్చు భరించలేని చిన్న రైతులు చాలామంది ఉన్నారు.

ఇక వాట్సాప్‌లో తిరిగే "యూరప్ మన కాఫీని ఆపేసింది, రేటు పడిపోతుంది, ఆగండి" అనే మెసేజ్. ఎవరు పుట్టిస్తారో గానీ, అది నమ్మి స్టాకు లేక గిరాకీ పోగొట్టుకున్న చిన్న అంగళ్లవాళ్లను చూస్తే బాధేస్తుంది. యూరప్ పెట్టింది నిషేధం కాదు, అడవుల నరికివేత మీద ఒక నియమం. 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి కొట్టేసిన నేలలో పండిన కాఫీ వద్దన్నారు, ఏ దేశానికైనా అదే నియమం. తోట ఎక్కడుందో చూపించాలి, నాలుగు హెక్టార్ల లోపు తోటకు ఒక్క జీపీఎస్ పాయింట్ చాలు. అమలు తేదీ ఇప్పటికే రెండుసార్లు వెనక్కి జరిగింది. మీకు నెలకు కావలసిన గింజలు ఎప్పటిలాగే కొనుక్కోండి, పొడి మాత్రం వారానికి సరిపడానే కొట్టించుకోండి.