క్రెస్టా మంచు దారి: 157 మీటర్ల ఎత్తును ఖర్చు చేసే పందెం

1928 ఫిబ్రవరి 17న స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో పదిమంది పురుషులు ఒకరి తరవాత ఒకరుగా, బరువైన ఇనుప స్లెడ్ మీద బోర్లా పడుకొని, తల ముందుకు పెట్టి, క్రెస్టా రన్ అనే మంచు దారిలో కిందికి జారారు. ఒలింపిక్స్‌లో స్కెలిటన్ పోటీ జరగడం అదే మొదటిసారి. ఒక్కొక్కరికి మూడు పరుగులు. మూడింటి కాలాన్ని కూడి విజేతను తేల్చారు. అమెరికాకు చెందిన జెనిసన్ హీటన్‌కు 181.8 సెకన్లు పట్టగా, అతని తమ్ముడు జాక్ హీటన్‌కు 182.8 సెకన్లు, బ్రిటన్ తరఫున దిగిన నార్తెస్క్ ప్రభువు డేవిడ్ కార్నెగీకి 185.1 సెకన్లు పట్టాయి. అన్నదమ్ముల మధ్య తేడా మూడు పరుగులకూ కలిపి ఒకే ఒక్క సెకను. ఇద్దరూ దిగింది ఒకే ఎత్తు నుంచి, లాగింది ఒకే భూమ్యాకర్షణ. మరి ఆ సెకను ఎక్కడ పోయిందన్నదే ఈ క్రీడలోని అసలు భౌతికశాస్త్రం.

క్రెస్టా దారి శాశ్వత కట్టడం కాదు. 1884-85 చలికాలంలో అక్కడి కుల్మ్ హోటల్‌లో బస చేసిన ఆంగ్లేయులు సరదాకి మొదలుపెట్టిన ఈ దారిని అప్పటినుంచీ ఏటా కొత్తగా కట్టాల్సిందే. కొండవాలు ఒంపులను అనుసరించి మంచును పోసి, గట్టిగా అదిమి, దాని మీద నీళ్లు చల్లితే రాత్రి చలికి పైపొర గడ్డకట్టి గాజులా నునుపెక్కుతుంది. అడుగున శీతలీకరణ గొట్టాలేమీ ఉండవు. దారి పొడవు సుమారు 1,212 మీటర్లు, పై నుంచి కింది వరకు దిగే ఎత్తు 157 మీటర్లు. అత్యంత నిటారుగా ఉన్నచోట ప్రతి 2.8 మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగుతుంది.

ఆ 157 మీటర్ల ఎత్తే పోటీదారుకు దక్కే పెట్టుబడి. ఘర్షణ, గాలి నిరోధం రెండూ లేవనుకుంటే, పైన ఉన్న స్థితిశక్తి అంతా కిందికి వచ్చేసరికి గతిశక్తిగా మారి, వేగం సెకనుకు 55 మీటర్లకు, అంటే గంటకు దాదాపు 200 కిలోమీటర్లకు చేరాలి. ఈ లెక్కలో మనిషి బరువు ప్రసక్తే రాదు. బక్కపలచని వాడికైనా భారీకాయుడికైనా అదే వేగం. వాస్తవంలో నేర్పరులు చివరికి చేరుకునే వేగం గంటకు 130 కిలోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. గతిశక్తి వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, చేతిలో పెట్టిన శక్తిలో నలభై శాతం చిల్లర మాత్రమే గమ్యం దాకా మిగిలిందన్నమాట. తక్కిన సగానికి పైగా భాగాన్ని గాలి, మంచు, మలుపులు పంచుకున్నాయి. జెనిసన్ హీటన్ సగటు వేగం సెకనుకు సరాసరి 20 మీటర్లే, గంటకు 72 కిలోమీటర్లు. వినడానికి ఇది మన జాతీయ రహదారి మీద బస్సు వేగంలా తోస్తుంది కానీ, గడ్డం నేలకు కొద్ది అంగుళాల పైన ఉన్నప్పుడు ఆ అంకె అర్థమే వేరు.

గాలి తీసుకునే వాటా వేగంతో పాటు విపరీతంగా పెరుగుతుంది: వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలవుతుంది. బోర్లా పడుకోవడం ధైర్యప్రదర్శన కోసం పుట్టిన భంగిమలా కనిపించినా, గాలికి ఎదురయ్యే దేహవైశాల్యాన్ని అది బాగా తగ్గిస్తుంది. ఇక్కడే బరువు కూడా లెక్కలోకి వస్తుంది. ఒకే ఆకారంలో, ఒకే వేగంలో ఉన్న ఇద్దరినీ గాలి ఒకే బలంతో ఆపుతుంది, ఆకర్షణ మాత్రం బరువైన వాడిని ఎక్కువ బలంతో లాగుతుంది, కాబట్టి గాలి అతన్ని తక్కువగా నెమ్మదింపజేస్తుంది.

మంచుతో జరిగే లావాదేవీ ఇంకా ఆసక్తికరమైనది. స్లెడ్ అడుగున ఉండే ఉక్కు పట్టీ మంచు మీద ఎందుకు జారుతుందన్న ప్రశ్నకు, బరువు ఒత్తిడికి మంచు కరుగుతుందనే సమాధానం చాలాకాలం బడి పుస్తకాల్లో చెలామణీ అయింది. కానీ మంచు కరిగే ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ తగ్గించాలంటే 130కి పైగా వాతావరణాల పీడనం కావాలి. చలి బాగా ఉన్న ఉదయాల్లో ఆ వివరణ నిలబడదు. 1939లో బౌడెన్, హ్యూస్ అనే శాస్త్రజ్ఞులు స్విట్జర్లాండ్‌లోనే, యుంగ్‌ఫ్రౌయోఖ్ వద్ద మంచు గుహలో ప్రయోగాలు చేసి, జారేటప్పుడు ఘర్షణవల్ల పుట్టే వేడి పలచని నీటిపొరను సృష్టిస్తుందని చూపారు. మంచు ఉపరితలంలోని అణువులు అసలే వదులుగా ఉంటాయన్నది తరవాతి పరిశోధనలు జోడించిన సంగతి.

మలుపుల వద్ద కూడా శక్తి బాగా ఖర్చవుతుంది. క్రెస్టాలో స్లెడ్‌కు దిశ మార్చే స్టీరింగ్ చక్రం ఉండదు, బ్రేకు ఉండదు. బూట్ల కొసలకు బిగించిన ఇనుప పళ్లను మంచులోకి గుచ్చడమే ఆపే మార్గం, తిప్పే మార్గం కూడా. సంప్రదాయ స్లెడ్ మీద ముందుకూ వెనక్కూ జరిగే పీట ఉంటుంది. దేహాన్ని వెనక్కి జరిపితే బరువు పట్టీల వెనుక భాగంలోని గాడుల మీద పడి పట్టు దొరుకుతుంది, ముందుకు జరిపితే పట్టు సడలి వేగం పెరుగుతుంది. షటిల్‌కాక్ అనే మలుపు వద్ద గట్టును కావాలనే తక్కువ ఎత్తులో కడతారు. చెరువుకు అలుగు ఎలాంటిదో దారికి ఈ గట్టు అలాంటిది: మోయలేనంత వేగంతో వచ్చినవాడిని అది బయటికి, గడ్డి, మెత్తని మంచు పరిచిన చోటికి వదిలేస్తుంది. మలుపులో నిలవడానికి కావలసిన అభికేంద్ర బలం వేగపు వర్గంతో పెరుగుతుంది గనుక, వేగం పది శాతం ఎక్కువైతే ఆ బలం 21 శాతం ఎక్కువ కావాలి. కాబట్టి పళ్లను ముందే గుచ్చి మరీ నెమ్మదించినవాడు ఓడిపోతాడు, ఆలస్యంగా గుచ్చినవాడు గడ్డిలో పడతాడు. అక్కడ పడినవారికి షటిల్‌కాక్ క్లబ్బులో సభ్యత్వం దానంతటదే వస్తుంది, టై కూడా ఉంది. ఓడినవాడికి ఇంత మర్యాద చేసే ఆట మరొకటి ఉందో లేదో!

వాతావరణం కూడా ఇందులో పోటీదారే. ఆల్ప్స్ పర్వతాల మీదుగా దిగే ఫ్యోన్ గాలి, ఎక్కేటప్పుడే తేమను పోగొట్టుకొని, దిగేటప్పుడు ప్రతి కిలోమీటరుకు దాదాపు పది డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. 1928 క్రీడల్లో అలాంటి వెచ్చదనానికే మంచు మెత్తబడి, 10,000 మీటర్ల స్కేటింగ్ పందేన్ని మధ్యలో ఆపేయాల్సి వచ్చింది.

రెండవ ప్రపంచయుద్ధం తరవాత, నష్టం పొందని తటస్థ దేశమైన స్విట్జర్లాండ్‌కే 1948 శీతాకాల ఒలింపిక్స్ దక్కడంతో స్కెలిటన్ కూడా అదే దారికి తిరిగి వచ్చింది. ఈసారి రెండు రోజుల్లో ఆరు పరుగులు, కొన్ని దిగువనున్న జంక్షన్ అనే ప్రారంభ ద్వారం నుంచి, కొన్ని పై నుంచి. విజేత ఇటలీకి చెందిన నినో బిబ్బియా. అతని కుటుంబం సెయింట్ మోరిట్జ్‌లోనే పండ్లు, కూరగాయల వ్యాపారం చేసేది. 323.2 సెకన్లతో ఇటలీకి శీతాకాల క్రీడల్లో తొలి స్వర్ణం తెచ్చాడు. ఆ తరవాతి ఏళ్లలో క్రెస్టాలో 200కు పైగా పోటీలు గెలిచాడు. 1.4 సెకన్ల తేడాతో రెండవ స్థానంలో నిలిచినవాడు, పందొమ్మిదేళ్ల వయసులో అన్న చేతిలో ఓడిన జాక్ హీటన్. అప్పటికి అతనికి 39 ఏళ్లు. ఇరవై ఏళ్ల ఎడంతో అదే దారిలో అదే పతకం రావడాన్ని బట్టి, కండబలం కన్నా ఎక్కడ ఎంత శక్తి వదులుకోవాలో తెలిసిన అనుభవానికే అక్కడ విలువ ఎక్కువని నాకు అనిపిస్తుంది.

2002లో సాల్ట్ లేక్ సిటీలో స్కెలిటన్ ఒలింపిక్స్‌లోకి తిరిగి వచ్చింది, ఈసారి మహిళల విభాగంతో సహా. అది శీతలీకరణ గొట్టాల మీద నిలిపిన పలచని మంచు దారి, పోటీదారులను లోపలే ఉంచే ఎత్తైన గోడలున్న మలుపులు. పురుషుల స్వర్ణం సెకనులో వందింట ఐదు వంతుల తేడాతో తేలింది. బూట్లకు ఆపే పళ్లు లేవు. భుజాలు, మోకాళ్ల ఒత్తిడితోనే స్లెడ్‌ను తిప్పుతారు, మొదట్లో పరిగెత్తి తోసే తోపుకు ఎంతో ప్రాధాన్యం ఉంటుంది. రికార్డు పట్టికల్లో 1928, 1948 విజేతల పేర్లు 2002 విజేతతో ఒకే వరుసలో కనిపిస్తాయి గానీ, శక్తి లెక్క చూస్తే అవి రెండు వేర్వేరు ఆటలు.