కంటి చివర దొరికిపోయే నవ్వు

రిసెప్షన్ స్టేజీ మీద పెళ్ళికొడుకుని గమనించారా? మొదటి పావుగంట బాగానే నవ్వుతాడు. రెండొందల ఫోటోలయ్యేసరికి పెదాలు సాగే ఉంటాయి గానీ, కళ్ళు భోజనాల వైపు పోతుంటాయి.

ఈ తేడా మీద గట్టిగా పనిచేసినవాడు ఫ్రెంచి వైద్యుడు డుషెన్. ముఖంలో స్పర్శ సరిగా తెలియని ఒక ముసలాయన్ని కూర్చోబెట్టి, బుగ్గలకి కరెంటు ఆనించి, ఒక్కో కండరాన్నీ విడిగా కదిలించి ఫోటోలు తీయించాడు. 1862లో పుస్తకం వేశాడు. బుగ్గ ఎముక నుంచి పెదవి మూలకి దిగే కండరం మూతిని పైకి లాగుతుంది. నిజంగా సంతోషం వేస్తే కంటి చుట్టూ ఉండే కండరం కూడా బిగిసి, కంటి చివర ముడతలు పడతాయి. కరెంటు నవ్వులో ఆ ముడతల్లేవు.

ఆ ఫోటోని డార్విన్ 24 మందికి చూపించాడు. ముగ్గురికి అదేమిటో అర్థమే కాలేదు. మిగతావాళ్ళు నవ్వేనని పోల్చుకున్నారు గానీ, ‘నవ్వడానికి ప్రయత్నిస్తున్నాడు’ లాంటి జవాబులిచ్చారు. పాపం ముసలాయన!

పక్షవాతం వచ్చినవాళ్ళలో ఇంకో వింత కనిపిస్తుంది. మెదడు పైపొరలో కదలికల్ని నడిపే చోట దెబ్బతింటే, డాక్టరు ‘ఏదీ, పళ్ళు చూపించండి’ అన్నప్పుడు మూతి ఒకపక్కకే లాగుతుంది. అదే మనిషి మనవడి అల్లరికి నవ్వితే, కొందరిలో రెండు పక్కలా సమంగా విచ్చుకుంటుంది. కావాలని తెచ్చుకునే నవ్వుకి మెదడులో ఒక దారి, దానంతటది వచ్చేదానికి వేరే దారి.

అలాగని కంటి ముడతల్ని చూసి మనుషుల్ని పట్టేయొచ్చనుకోకండి. కళ్ళతో కూడా నటించగలిగేవాళ్ళు చాలామందే ఉన్నారని తర్వాతి పరిశోధనల్లో తేలింది. పెద్దగా నవ్వితే బుగ్గలు పైకి లేచి ముడతలు వాటంతటవే పడతాయి కూడా.

అసలు సంతోషం వస్తే నవ్వొస్తుందన్నదే సగం నిజమని నా అనుమానం. అమెరికాలో క్రాట్, జాన్‌స్టన్ అనే ఇద్దరు పరిశోధకులు, బంతి దొర్లించి చివర నిలబెట్టిన పిన్నుల్ని పడగొట్టే బౌలింగ్ ఆట ఆడేవాళ్ళని గమనించి 1979లో ఫలితాలు ప్రచురించారు. బంతి దొర్లించాక, ఎంత బాగా ఆడినా పిన్నుల వైపు తిరిగి ఉన్నంతసేపూ వాళ్ళు పెద్దగా నవ్వలేదు. వెనక్కి తిరిగి స్నేహితుల మొహాలు చూశాకే నవ్వులు.

మన పెళ్ళికొడుకుని ఇంకో పది నిమిషాలు చూడండి. హాస్టల్ గ్యాంగ్ స్టేజీ ఎక్కుతుంది. ఫోటోగ్రాఫర్ ఇంకా ‘స్మైల్’ అననే లేదు, కంటి చివర ముడతలు పడిపోయాయి.