సోర్స్ చేతిలో ఉన్నా కంపైలర్‌ను నమ్మడమెలా?

కమ్మరి కొత్త పటకారు చేయాలంటే, ఎర్రగా కాలిన ఇనుమును పట్టుకోవడానికి పాత పటకారు ఉండాలి. మనిషి రాసిన ప్రోగ్రామును (సోర్స్ కోడ్) యంత్రం నడపగల రూపానికి (బైనరీ) మార్చే కంపైలర్ సంగతీ అంతే. జీసీసీ అనే కంపైలర్ సోర్స్ కోడ్ ఎవరైనా చదవొచ్చు. దాన్ని నడిచే ప్రోగ్రాముగా మార్చాలంటే మాత్రం ముందే తయారైన ఇంకో కంపైలర్ కావాలి. దాన్ని చేసింది అంతకు ముందుది. ఇలా వెనక్కి పోతే చివరికి సోర్స్ దొరకని బైనరీ దగ్గర తేలతాం.

ఇందులో ఎంత ప్రమాదముందో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ 1984లో అచ్చయిన తన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో విప్పి చూపించారు. కంపైలర్‌కు రెండు దొంగ విద్యలు నేర్పామనుకోండి. లాగిన్ ప్రోగ్రామును కంపైల్ చేసేటప్పుడు అందులో ఒక రహస్య పాస్‌వర్డ్ చేరుస్తుంది. తన సోర్స్‌నే కంపైల్ చేసేటప్పుడు ఆ రెండు విద్యలనూ కొత్త కంపైలర్‌కు అంటగడుతుంది. ఒక్కసారి ఇది జరిగాక సోర్స్‌లోంచి ఆ లైన్లు చెరిపేసినా ఫరవాలేదు, బైనరీ నుంచి బైనరీకి దొంగ పాకుతూనే ఉంటాడు. జీసీసీ తనను తాను మూడు విడతలుగా కట్టుకుని రెండో, మూడో విడతలను పోల్చి చూసుకుంటుంది. మొదట వాడిన కంపైలర్‌లోనే ఈ దొంగ ఉంటే ఆ పరీక్ష కూడా గట్టెక్కేస్తుంది.

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టును ప్రకటించారు, 1987లో జీసీసీ తొలిసారి విడుదలైంది. చదివే హక్కు, మార్చే హక్కు లైసెన్సులో వచ్చాయి. కానీ చదివిన సోర్స్ నుంచే నా యంత్రంలోని బైనరీ పుట్టిందని తేల్చుకోలేనప్పుడు, ఆ హక్కు నాకు సగమే దక్కినట్టు.

డేవిడ్ వీలర్ 2005లో ఒక దారి చూపారు: కంపైలర్ సోర్స్‌ను సంబంధం లేని రెండో కంపైలర్‌తో కట్టి, అలా వచ్చిన కంపైలర్‌తో అదే సోర్స్‌ను మళ్లీ కట్టి, ఆ ఫలితం మొదటి కంపైలర్ బైనరీతో బిట్టు బిట్టూ సరిపోతుందో లేదో చూడడం. బూట్‌స్ట్రాపింగ్ (చిన్న ప్రోగ్రాముతో మొదలెట్టి మెట్టుమెట్టుగా పెద్దవాటిని కట్టడం) మీద పనిచేసేవాళ్లు ఇంకా కిందికి, మొదటి విత్తనం దాకా తవ్వారు. గ్నూ గీక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పంపిణీ ఒకప్పుడు సుమారు 250 మెగాబైట్ల రెడీమేడ్ బైనరీల మీద నిలబడేది. 2023 ఏప్రిల్‌కల్లా ఆ విత్తనం 357 బైట్లకు దిగింది. దాని పేరు హెక్స్‌జీరో. రెండేసి హెక్స్ (16 ఆధారంగా రాసే) అంకెలను ఒక్కో బైటుగా మార్చడమే దాని పని. పక్కన వ్యాఖ్యలు రాసుకుని, ప్రతి బైటూ ఎందుకుందో మనిషి కూర్చుని సరిచూడొచ్చు. దానితో ఒక చిన్న అసెంబ్లర్ (యంత్ర ఆదేశాల పొట్టి పేర్లను బైట్లుగా మార్చేది), దానితో సీ భాషకు ఒక చిన్న కంపైలర్, ఆపైన మెస్, టైనీసీసీ అనే చిన్న సీ కంపైలర్లు, పాత జీసీసీ 2.95, చివరికి నేటి జీసీసీ. మధ్యలో పాత జీసీసీల మీదుగా పోక తప్పదు, ఎందుకంటే 4.8 వెర్షన్ నుంచి జీసీసీని కట్టాలంటేనే సీ ప్లస్ ప్లస్ భాష కంపైలర్ కావాలి.

ఈ మెట్లన్నీ ఎక్కించే గైల్ ప్రోగ్రాము, అడుగున నడిచే లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మాత్రం అప్పటికీ రెడీమేడ్ బైనరీలే. ఆ కెర్నల్‌ను కూడా సోర్స్ నుంచే కట్టే పనిని లైవ్‌బూట్‌స్ట్రాప్ ప్రాజెక్టు తలకెత్తుకుంది.