కదలని వస్తువు, కదిలే వెలుగు: స్టిల్ లైఫ్ ఫొటోగ్రఫీపై అపోహలు – వాస్తవాలు

శ్రీకాకుళంలో కదలని వస్తువుల ఫొటోలు, అంటే స్టిల్ లైఫ్, తీయడమే నా వృత్తి. పలాస జీడిపప్పు, బుడితి ఇత్తడి సామాను, పొందూరు ఖద్దరు నా బల్ల మీదికి తరచుగా వచ్చే వస్తువులు. ఈ పని నేర్చుకోవాలని వచ్చే డిగ్రీ విద్యార్థులు దాదాపు అందరూ కొన్ని అభిప్రాయాలను వెంటబెట్టుకుని వస్తారు. విద్యార్థిగా ఉన్నప్పుడు నేనూ వాటిని నమ్మాను, వాటి వల్ల చాలా కాలం పోగొట్టుకున్నాను. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: వస్తువు కదలదు కాబట్టి ఇది అన్నిటికన్నా తేలికైన ఫొటోగ్రఫీ.

పెళ్ళి ఫొటోలో వెలుగు కాస్త అటూ ఇటూ అయినా, పెళ్ళికూతురి ముఖంలోని సంతోషం ఆ లోటును కప్పేస్తుంది. చెంబుకు అలాంటి ఆసరా ఏదీ లేదు. దాని ఆకారం, గరుకుదనం, బరువు అన్నీ వెలుగునీడల ద్వారానే తెలియాలి. అయితే కదలకపోవడం విద్యార్థికి దొరికిన పెద్ద వరం. ఫొటో పడేంత వెలుగు సోకడానికి (ఎక్స్‌పోజరుకు) నిమిషాలు పట్టే తొలి రోజుల్లో, 1837లో, ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకరైన ఫ్రాన్సుకు చెందిన డాగేర్ తన ప్రయోగానికి ప్లాస్టర్ ప్రతిమలను ఎంచుకున్నది కూడా అవి కదలవనే సౌలభ్యంతోనే. మనమూ ఆ సౌలభ్యాన్ని వాడుకోవాలి. వస్తువును, కెమెరాను కదపకుండా ఒక్క వెలుగు దిశను మాత్రమే మార్చుతూ ఎనిమిది ఫొటోలు తీసి, ఏది ఎక్కడి నుంచి తీశారో నోటుపుస్తకంలో రాసుకోండి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు.

అపోహ: ఖరీదైన కెమెరా లేకుండా ప్రయోగాలు సాగవు.

సాగుతాయి. ఫోన్ కెమెరాలో సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్ ఉంటే, ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని) 100 దగ్గర పెట్టి, ఫోన్‌ను స్టాండుకు బిగించి, రెండు సెకన్ల టైమర్ వాడండి. వస్తువు కదలదు కాబట్టి షట్టర్ అర సెకను తెరిచి ఉన్నా నష్టం లేదు. ఫోన్‌ను మాత్రం వస్తువు మీదికి తీసుకువెళ్ళకండి. మరీ దగ్గరి నుంచి తీస్తే చెంబు అంచు ఉబ్బి, అడుగు కుంచించుకుపోయినట్లు కనిపిస్తుంది. రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌లో తీస్తే ఆకారం నిలుస్తుంది.

అపోహ: మెరిసే వస్తువు మీద ఎంత వెలుగు వేస్తే అంత బాగా మెరుస్తుంది.

నన్ను అందరికన్నా ఎక్కువగా తిప్పలు పెట్టిన అపోహ ఇదే. చదువుకునే రోజుల్లో మా ఇంట్లోని బుడితి చెంబును చింతపండుతో తళతళలాడేలా తోమించి, ఎదురుగా ఫ్లాష్ పెట్టి తీశాను. చెంబు పొట్ట మధ్యలో కాలిపోయినట్లు ఒక తెల్లని మచ్చ పడింది. దాని చుట్టూ కిటికీ చువ్వలు, పక్కనే పసుపు చొక్కాలో వంగి నిలబడిన నేను, మూలన గోడకున్న క్యాలెండరు స్పష్టంగా కనిపించాయి. ఇత్తడి మాత్రం కనిపించలేదు.

చెంబు పొట్ట ఒక కుంభాకార దర్పణం. మనం తీసేది చెంబును మాత్రమే కాదు, చెంబుకు కనిపిస్తున్న గదిని కూడా. అందువల్ల దిద్దవలసింది గదినే. కిటికీకి పాత తెల్లపంచె కట్టండి, ఎండ దాని గుండా వచ్చి వెడల్పైన మెత్తని వెలుగవుతుంది. రెండో పక్క తెల్ల థర్మోకోల్ షీటు నిలబెట్టండి. ఇప్పుడు ఇత్తడిలో మచ్చకు బదులు, అంచు నుంచి అడుగు దాకా జారే పొడవైన వెలుగు చార కనబడుతుంది. ఆ తరువాత నాలుగంగుళాల వెడల్పున కత్తిరించిన నల్ల చార్టు ముక్కను ఫ్రేములో పడకుండా చెంబు పక్కన నిలబెట్టి చూడండి. ఇత్తడి అంచున సన్నని నల్లగీత ఏర్పడి, చెంబు గుండ్రదనం ఒక్కసారిగా తెలుస్తుంది. నల్లకాగితంతో మెరుపు పెరగడం మొదటిసారి చూసిన విద్యార్థి ముఖంలో కనిపించే ఆశ్చర్యం నాకు ఈ రోజుకూ ఇష్టమే. ఇంకొక మాట: కొత్తగా తోమిన చెంబుకన్నా, తోమి నాలుగైదు రోజులై కాస్త మసకబారిన చెంబు ప్రతిబింబాలను మెత్తబరుస్తుంది కాబట్టి, నేర్చుకునేవారికి అదే మేలు.

అపోహ: ఉత్తరపు కిటికీ వెలుగు ఏడాది పొడవునా ఒకేలా, మెత్తగా ఉంటుంది.

ఈ మాట మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణం వైపే ఉండే యూరప్ దేశాల చిత్రకారుల గదుల నుంచి వచ్చింది. శ్రీకాకుళం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు కూడా మనకు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. మార్చి చివరి నుంచి సెప్టెంబరు దాకా సూర్యుడు ఉదయించేది, అస్తమించేది కూడా ఉత్తరం వైపు ఒరిగే కాబట్టి, ఆ నెలల్లో ఉదయం, సాయంత్రం ఉత్తరపు కిటికీలోంచి నేరుగా ఎండ పడవచ్చు. పుస్తకంలోని సూత్రాన్ని బట్టీ పట్టే బదులు, మీ కిటికీ దగ్గర ఒక గ్లాసును పెట్టి రోజంతా గంటకొక ఫొటో తీయండి. మీ గదికి పనికివచ్చే సమయాలు మీకే తెలుస్తాయి. తీసేటప్పుడు గదిలోని బల్బులు, ట్యూబులైటు ఆర్పేయండి. లేకపోతే ఒక పక్క నీలంగా, మరొక పక్క పసుపుగా పడి, తరువాత ఎంత దిద్దినా రంగు కుదరదు.

అపోహ: మంచి స్టిల్ లైఫ్‌కు అందమైన, అరుదైన వస్తువులు కావాలి.

1930లో అమెరికా ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ ఒక వంకర తిరిగిన క్యాప్సికమ్‌ను రేకు గరాటులో పెట్టి తీసిన ఫొటో ఈ కళలో మైలురాయిగా నిలిచింది. కూరల సంచిలో దొరికే కాయ, వంటింట్లో దొరికే గరాటు, అంతే.

అపోహ: తెల్లని వస్తువు ఫొటోలో దానంతట అదే తెల్లగా పడుతుంది.

కెమెరాలో వెలుగును కొలిచే మీటరు తన ఎదుట ఉన్నదాన్ని నడిమి బూడిదరంగుగా భావించి ఎక్స్‌పోజరు లెక్కకడుతుంది. ఫ్రేమంతా పొందూరు ఖద్దరే ఉంటే, అది మాసిన గుడ్డలా వస్తుంది. ఎక్స్‌పోజరును ఒక స్టాప్ దాకా, అంటే వెలుగు రెట్టింపయ్యేదాకా, పెంచాలి. అయితే పెంచడంతో పని అయిపోదు. వాలుగ చేప దవడతో దూదిని ఏకి, చేత్తో వడికిన నూలు అది. ఆ పోగులో అక్కడక్కడా కనిపించే సన్నని ఎత్తుపల్లాలే దాని గుర్తు. ఎదుటి నుంచి వెలుగు పడితే అవి అణగిపోతాయి. గుడ్డను బల్ల మీద పరిచి, కిటికీ వెలుగు దాదాపు బల్లను ఒరుసుకుంటూ ఒక పక్క నుంచే వచ్చేలా తక్కిన కిటికీలు మూసేయండి. ప్రతి పోగు పక్కన దాని నీడ పడేదాకా బల్లను కొద్దికొద్దిగా తిప్పి, అప్పుడు షట్టర్ నొక్కండి.